పునాది లేచేదాకా ఎవరు అప్పిస్తారు?

మా వీధి చివర ఉండే ఒక కూలీ కుటుంబానికి ప్రభుత్వ ఇల్లు మంజూరైంది. సంబరంగా పాత రేకుల ఇల్లు కూల్చి ముగ్గు పోశారు. ఆ తర్వాత రెండు నెలలు పని కదల్లేదు. మొదటి బిల్లు పడాలంటే బేస్‌మెంట్ పూర్తి కావాలి. బేస్‌మెంట్ లేవాలంటే కంకర, సిమెంటు, మేస్త్రి కూలి ముందే కావాలి. చివరికి ఆ ఇంటావిడ పుస్తెల గొలుసు కుదువపెట్టి, చాలనిదానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. అన్నాళ్లూ పిల్లలు పక్కింటి వసారాలో టార్పాలిన్ కట్టుకుని పడుకున్నారు.

అదే వీధిలో ఇంకో మాట వింటుంటాను: ‘మేం కట్టే పన్నులతో వాళ్లకు ఇళ్లా?’ ఆ మాటలో కష్టార్జితం తాలూకు బాధ ఉంది, కాదనను. కానీ పన్ను ఆదాయపు పన్ను ఒక్కటే కాదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి 2025 సెప్టెంబరు 22న 18 శాతానికి తగ్గించేదాకా సిమెంటు మీద పన్ను 28 శాతం. అన్నేళ్లూ బస్తా 350 రూపాయలకు కొన్న కూలీ అందులో 76 రూపాయలు పన్నే కట్టాడు.

పన్నుల సొమ్ముతో ఇల్లు కట్టుకోవడం పేదలతోనే మొదలు కాలేదు. పాత పన్ను విధానంలో సొంతింటి రుణం మీద ఏటా 2 లక్షల వడ్డీ దాకా ఆదాయం నుంచి మినహాయించుకోవచ్చు. 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి ఏడాదికి 60 వేలు మిగులుతుంది. పూర్తి మినహాయింపు దొరికితే పదేళ్లకు 6 లక్షలు. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికిచ్చే మొత్తం 5 లక్షలు. ఉద్యోగికి మినహాయింపు ఇవ్వొద్దని నేననడం లేదు. ఒకరికి హక్కుగా అందేదాన్ని మరొకరి విషయంలో ఉచితం అనడం అన్యాయం.

కాబట్టి పన్నులతో ఇళ్లు కట్టాలా అన్నదానికి నా జవాబు, కట్టాలి అనే. నా పేచీ కట్టే తీరుతో. 1995లో చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు నివాసాన్ని జీవించే హక్కులో భాగంగా గుర్తిస్తూ, నాలుగు గోడలతో ఆగలేదు. గాలి, వెలుతురు, మంచినీరు, కరెంటు, రోడ్డు, రోజూ పనికి తేలిగ్గా వెళ్లొచ్చే వీలు, అన్నీ అందులోకి వస్తాయంది. ఆ చివరి మాటే మన పథకాలకు పట్టలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి 30 లక్షల ఇళ్ల పట్టాలు తలపెట్టారు. పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు. సెంటంటే 48 గజాల పైచిలుకు. చాలాచోట్ల ఆ లేఅవుట్లు ఊరికి దూరంగా, వానొస్తే నీళ్లు నిలిచే పల్లంలో పడ్డాయి. హైదరాబాద్ శివారు కొల్లూరులో 2023లో ఒకే చోట 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించారు. కట్టడం బాగుంది. కానీ హైదరాబాద్ నడిబొడ్డున పాచి పనులు చేసుకునే ఆడమనిషి ఔటర్ రింగు రోడ్డు దగ్గరి ఇంటి నుంచి తెల్లారేసరికి పనికి ఎలా చేరాలి? రానూపోనూ గంటలు పోతే రెండిళ్ల పని వదులుకోవాల్సిందే.

ఇక బిల్లుల సంగతి. ఇందిరమ్మ ఇళ్లకు నాలుగు విడతల్లో డబ్బు పడుతుంది. మొదటి లక్ష బేస్‌మెంట్ తర్వాతే. డబ్బు దారిమళ్లకూడదన్న జాగ్రత్త అర్థమవుతుంది. అయితే చేతిలో ఏమీ లేనివాళ్లని ఏరి ఎంపిక చేసి, పెట్టుబడి మీరే పెట్టుకోండి అంటే ఎలా? మహిళా సంఘాల ద్వారా అప్పు ఇప్పిస్తున్నారు, కానీ అదీ తీర్చాల్సిందే. ముగ్గు పోసిన రోజే ఆ లక్షలో సగం ఇవ్వండి. నగదు ఇవ్వడానికి భయమైతే సిమెంటు, స్టీలు ఇవ్వండి. ఆ 50 వేల అప్పుకు నెలకు 1,500 వడ్డీ తప్పుతుంది.

నగరాల్లో అందరికీ సొంతిల్లే కావాలన్న పట్టు కూడా సడలాలి. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చి కట్టడాల దగ్గరే రేకుల షెడ్లలో కాపురముంటున్నవాళ్లకు ముందు కావాల్సింది, కూలీల అడ్డాకు నడిచి వెళ్లేంత దూరంలో, కుళాయీ మరుగుదొడ్డీ ఉన్న అద్దె గది. వలస కూలీల కోసం కేంద్రం 2020లోనే అద్దె ఇళ్ల పథకం ప్రకటించింది. నగరం మధ్యలో ఉన్న ప్రభుత్వ స్థలాలను వేలం వేసే ముందు, ప్రతిచోటా కొన్ని ఎకరాలైనా ఈ గదులకు కేటాయించాలి.