కుక్కల సిస్టరమ్మగారు

ఈమధ్య ప్రభువు సన్నిధికి చేరిన మన రిటైర్డు సిస్టరుగారిని ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెలవారు కుక్కల సిస్టరమ్మ అనే పిలిచేవారు. తన పేరు ఎక్కడా అచ్చువేయవద్దని ఆమె కోరిక, కనుక వేయడం లేదు.

రిటైరయ్యాక మన గేటు ఎదుటే చిన్న ఇంట్లో ఉన్నారు. వాకిట్లో నాలుగు కుక్కలు, ఒక కుంటి మేక, పిల్లులకైతే లెక్కలేదు. సాయంత్రం మెస్సులో మిగిలిన అన్నం కోసం గిన్నె పట్టుకొని వచ్చేవారు. నిజం చెప్పాలంటే మేము విసుక్కొన్నాము. ఆమె వెంట కుక్కలు వరండా ఎక్కుతున్నాయని గేటు దగ్గరే ఆపిన రోజులూ ఉన్నాయి.

వార్డులోకి కుక్క రాకూడదు. ఆ మాట మేము ఇప్పటికీ అంటాము. కాని కుక్కలను ప్రేమించేవారికి కుక్కకాటు ప్రమాదం పట్టదనుకోవడం మా పొరపాటు. రేబిస్ విషయంలో ఆమెకున్న పట్టుదల మాలో ఎవరికీ లేదు. తన కుక్కలన్నిటికీ ఏటా టీకా వేయించేవారు. తునికాకు కోతకు పోయినవారిని కుక్క కరిచిందని తెలిస్తే సబ్బు తీసుకొని తానే వెళ్ళేవారు. ధారగా నీళ్ళు పోస్తూ, గడియారం చూసి మరీ 15 నిమిషాలు కడిగేవారు. పసరు, కారం, సున్నం దగ్గరకు రానిచ్చేవారు కారు. ఆపైన ఆటో ఎక్కించి టీకాకు పంపేవారు.

బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయంతో ఇప్పటికీ కొందరు రారు. గొర్రె మెదడుతో చేసే ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు జబ్బకు నాలుగైదు విడతలు, అంతే. గాయం లోతైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. జబ్బు లక్షణాలు బయటపడ్డాక మాత్రం దాదాపు ఎవరూ బ్రతకరు. లూకా సువార్తలో లాజరు కురుపులను కుక్కలు నాకిన సంగతి మేము ఎత్తితే, అతనికీ టీకా పడాల్సిందేనని ఆమె నవ్వకుండా అనేవారు. పుండు మీద కుక్క నాకినా టీకా తప్పదు మరి.

నర్సులకు ఈ ప్రేమ కొత్తదేమీ కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1850లో ఏథెన్సులో పిల్లల చేతికి చిక్కిన గుడ్లగూబ కూనను విడిపించి పెంచుకొన్నారు. దీర్ఘరోగులకు చిన్న పెంపుడు ప్రాణి మంచి తోడని 1859 నాటి తన నర్సింగు పుస్తకంలో వ్రాశారు. ఆ పుస్తకం పేరు పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాళ్ళమే మేమంతా.

ఇప్పుడు సిస్టరమ్మగారి కుక్కలు తాళం వేసిన తలుపు ముందు పడుకొంటున్నాయి. వాటిని వ్యానెక్కించి అడవిలో వదిలేద్దామని కొందరంటున్నారు. మేము ఒప్పుకోము. టీకా పడిన కుక్కలను తరిమేస్తే ఆ చోటికి టీకా లేనివి వస్తాయి. ఊళ్ళో నూటికి 70 కుక్కలకు టీకా పడితేనే రేబిస్ ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పల్లెలకు వెళ్ళే మన వ్యానులో పశువైద్య సిబ్బందినీ వెంటబెట్టుకు వెళ్ళాలని మా కోరిక.

ఒక కుక్కను మన వాచ్‌మన్ ఇంటికి తీసుకువెళ్ళాడు. మూడు మిగిలాయి. వాటి టీకా తేదీలన్నీ ఆమె నోటుబుక్కులో ఉన్నాయి. పుస్తకం నర్సింగు ఆఫీసులో ఉంచాము. పెంచుకోదలచినవారు వచ్చి అడగవచ్చు.