బీరువాలో ఫ్లాపీలుంటే ఈ ఎండాకాలం లోపే చదివించండి

1990ల చివర్లో నరసరావుపేటలో డీటీపీ చేసే మేము నలుగురం కలిస్తే ఫ్లాపీ కంపెనీల మీద పంచాయితీ మొదలయ్యేది. సోనీకి తిరుగులేదని ఒకడు, ఆ రేటెందుకు, ఆమ్‌కెట్ చాలదా అని ఇంకొకడు. టెఫ్లాన్ పూత వేసిన వెర్బాటిమ్ దొరికితే గుంటూరు నుంచి పెట్టెలకు పెట్టెలు తెప్పించుకునేవాడు మరొకడు. ఇప్పటికీ పాత మిత్రులు ఎదురైతే, ‘అన్నా, ఏ కంపెనీ ఫ్లాపీ మన్నింది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఉండాల్సిన దానికంటే ఎక్కువ విలువ ఇచ్చామని నా అభిప్రాయం.

పెట్టె మీద పేరు ఒకరిది, సరుకు మరొకరిది కావడం ఆ వ్యాపారంలో మామూలే. మన దేశపు మోజర్ బేర్ తయారుచేసిన డిస్కులు వేరే కంపెనీల పేర్లతోనూ అమ్ముడుపోయేవి. 3ఎం వాళ్ల డిస్కుల వ్యాపారం 1996లో విడిపోయి ఇమేషన్ అయింది. కంపెనీల మధ్య తేడా అసలు లేదనను. రేటు పడిపోయిన చివరి రోజుల్లో వచ్చిన చవక సరుకులో కొత్త డిస్కే ఫార్మాట్‌కు లొంగేది కాదు, ‘ట్రాక్ జీరో బ్యాడ్’ అనేది. కానీ మా షాపులకొచ్చిన తగాదాల్లో ఎక్కువ భాగం డిస్కువి కావు, డ్రైవువి.

మూడున్నర అంగుళాల ఫ్లాపీలో ఒక్కో వైపు 80 ట్రాకులు. ట్రాకుకూ ట్రాకుకూ మధ్య దూరం మిల్లీమీటరులో అయిదో వంతు కూడా ఉండదు. డ్రైవులో హెడ్ కొంచెం పక్కకు జరిగిందంటే, గొర్రు సాలు తప్పినట్టు, రాత కూడా పక్కనే పడుతుంది. అది ఆ డ్రైవుకే అర్థమవుతుంది. మాచర్లలో రాసిన ఫ్లాపీ పేటలో తెరుచుకోదు. మాచర్ల తీసుకెళ్తే శుభ్రంగా తెరుచుకుంటుంది. మధ్యలో తిట్లు మాత్రం కంపెనీకి.

దానికి తోడు మన ఊళ్ల ఎండ. వేసవి వార్తల్లో రెంటచింతల పేరు ఎందుకొస్తుందో పల్నాడులో ఎవరికీ చెప్పక్కర్లేదు. పేజ్‌మేకర్ ఫైలున్న ఫ్లాపీని కవర్లో పెట్టి బస్సు డ్రైవరుకిస్తే, ఆయన తీసుకెళ్లి ఇంజన్ బానెట్ మీద పెట్టేవాడు. గుంటూరు చేరేసరికి అట్ట వంగి, షట్టర్ ఇరుక్కునేది. పిడుగురాళ్ల నుంచి వచ్చే డిస్కుల్లో సున్నపు దుమ్ము. ఫ్లాపీలో హెడ్ డిస్కును తాకుతూనే చదువుతుంది, కాబట్టి ఒక్క రేణువు చాలు గీత పడటానికి. సోనీ అయినా, ఊరూ పేరూ లేనిదైనా ఆ దుమ్ముకు ఒకటే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ డిస్కులు ఇంకా ఉన్నాయి. కోటప్పకొండ తిరునాళ్ల పోస్టర్లు, కారంపూడి వీరుల ఉత్సవాల కరపత్రాలు, కాలేజీ సావనీర్లు, సొంత ఖర్చుతో అచ్చేసుకున్న పల్నాటి చరిత్ర పుస్తకాలు, నాటకాలు. అచ్చు ప్రతి పోయినవాటికి ఆ ఫ్లాపీయే దిక్కు. జపాన్ ప్రభుత్వం ఆఫీసుల్లో ఫ్లాపీ నిబంధనలను 2024 దాకా పట్టుకుని కూర్చుందని మనం నవ్వుకున్నాం. వాళ్ల దగ్గర కనీసం చదివే యంత్రమైనా మిగిలింది.

2022లో పల్నాడు జిల్లా అయింది, నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. ఇక్కడి గ్రంథాలయంలో ఒక ఫ్లాపీ డ్రైవు, ఒక కంప్యూటరు, పాత డీటీపీ పని తెలిసిన ఒక మనిషి ఉండాలని అడుగుతున్నాను. మూడున్నర అంగుళాల డ్రైవులు యూఎస్‌బీవి ఇప్పటికీ కొనుక్కోవచ్చు. అయిదుంబావు అంగుళాల పెద్ద ఫ్లాపీలకే తంటా, వాటికి పాత డ్రైవు వెతకాలి. డిస్కు పెట్టేముందు షట్టర్ జరిపి చూడాలి. బూజు మచ్చలుంటే పక్కన పెట్టాలి, లేకపోతే ఆ బూజు హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టే మంచి డిస్కునూ పాడుచేస్తుంది. ఫైళ్లు ఒక్కొక్కటే తెరుస్తూ కూర్చోకుండా ముందు డిస్కు మొత్తాన్ని కాపీ తీయాలి. పాత డిస్కు ఎన్నిసార్లు తిరిగితే అంత అరుగుతుంది.

చదవడం అయ్యాక ఇంకో మెలిక ఉంది. ఆ ఫైళ్లు అను ఫాంట్లలోనో, శ్రీలిపిలోనో ఉంటాయి. యూనికోడ్ కాదు కాబట్టి ఇవాళ్టి కంప్యూటర్లో తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అది చూసి ఫైలు పాడైందని చెరిపేసినవాళ్లు నాకు తెలుసు. పాడవలేదు, ఫాంటు లేదంతే. అందుకే ఆ మనిషి డీటీపీ తెలిసినవాడై ఉండాలంటున్నాను. మా తరం వాళ్లం ఇంకా కొందరం పేటలోనే ఉన్నాం. పిలిస్తే వస్తాం, జీతం కూడా అడగం. డ్రైవు మాత్రం గ్రంథాలయమే కొనాలి.