యానాం ఎవరో ఇచ్చింది కాదు

గోదావరి జిల్లాల్లో యానాం ప్రస్తావన వస్తే చాలు, ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. ఇంగ్లీషువాడితో ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది, పోర్చుగీసువాడిని గోవా నుంచి వెళ్లగొట్టడానికి సైన్యాన్ని పంపాల్సి వచ్చింది, ఫ్రెంచివాడు మాత్రం మర్యాదగా సంతకం పెట్టి వెళ్లిపోయాడు అని. దాని వెంటే ఇంకో మాట. అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు జనరల్ డీగాల్, హిట్లర్‌కు తల వంచని స్వేచ్ఛాప్రియుడు, ఆయన పెద్దమనసు వల్లే అది జరిగింది అని. బాగా చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్ముతారు. ఈ నమ్మకం చరిత్రకు విరుద్ధం. అంతకు మించి, యానాం జనానికి అన్యాయం.

డీగాల్ గొప్పతనాన్ని కాదనే పని లేదు. 1940 జూన్‌లో పెటైన్ ప్రభుత్వం జర్మనీ ముందు మోకరిల్లితే, ఆయన లండన్ చేరి జూన్ 18న రేడియోలో పోరాటానికి పిలుపునిచ్చారు. సొంత దేశపు సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసినా వెనక్కి తగ్గలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో పుదుచ్చేరి గవర్నర్ లూయీ బోన్‌వాఁ డీగాల్ పక్షాన చేరారు. దాంతో గౌతమి ఒడ్డున ఉన్న యానాం కూడా స్వేచ్ఛా ఫ్రాన్స్‌లో భాగమైంది.

అయితే ఆ స్వేచ్ఛ ఎవరికి? 1944 మొదట్లో డీగాల్ బ్రజావిల్‌లో వలసల పాలకుల సమావేశం జరిపారు. సంస్కరణల గురించి చాలా మాట్లాడారు. కానీ వలసలకు స్వపరిపాలన, ఎంత దూర భవిష్యత్తులోనైనా సరే, ఉండకూడదని ఆ సమావేశం తేల్చి చెప్పింది. 1945 మే 8న, ఐరోపాలో యుద్ధం ముగిసిన రోజునే, అల్జీరియాలోని సెతిఫ్‌లో జనం స్వాతంత్ర్య జెండాలు పట్టుకుని ఊరేగారు. తర్వాత జరిగిన అణచివేతలో వేలమంది ప్రాణాలు పోయాయి. అప్పుడు ఫ్రాన్స్ ప్రభుత్వానికి అధినేత డీగాలే. వియత్నాంను మళ్లీ చేజిక్కించుకోవడానికి సైన్యాన్ని పంపిందీ ఆయన ప్రభుత్వమే.

ఇక యానాం సంగతి. 1947 అక్టోబరులో ఫ్రాన్స్ మచిలీపట్నం వంటి చోట్ల ఉన్న పాత వర్తక స్థావరాలను భారతదేశానికి అప్పగించింది. యానాంను వదల్లేదు. సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఊరు, చుట్టూ అప్పటి తూర్పుగోదావరి జిల్లా. పక్క ఊరికి స్వాతంత్ర్యం వచ్చింది. పొలం గట్టు దాటితే పారిస్ పాలన. భాష ఒకటే, బంధుత్వాలు ఒకటే, తాగే నీరు ఒకటే. ఈ స్థితి మరో ఏడేళ్లు సాగింది.

దాన్ని మార్చినవాడు యానాంలోని ఫరంపేటలో 1908లో పుట్టిన దడాల రఫేల్ రమణయ్య. ఫ్రెంచి పోలీసు శాఖలో ఉద్యోగం చేసినవాడు. ఆ కొలువు వదిలి విమోచనోద్యమంలోకి దిగాడు. 1954 జూన్ 13న ఆయన నాయకత్వంలో కార్యకర్తలు భారత భూభాగం నుంచి యానాంలోకి ప్రవేశించి అధికారాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. ఫ్రెంచి జెండా దిగింది, మన జెండా ఎగిరింది. సరిగ్గా ముందురోజు పారిస్ పార్లమెంటులో లానియెల్ ప్రభుత్వం ఓడిపోయింది. చర్చలకు సిద్ధపడ్డ మెండెస్ ఫ్రాన్స్ ప్రధానిగా బాధ్యతలు చేపట్టింది జూన్ 18న. అంటే యానాంకు విముక్తి కలిగిన రోజున, దాన్ని దానం చేయగల ప్రభుత్వమే పారిస్‌లో లేదు. డీగాల్ అప్పటికి ఎనిమిదేళ్లుగా అధికారంలోనే లేరు.

ఆ ఏడాది నవంబరు 1న యానాంతో సహా నాలుగు ఫ్రెంచి ప్రాంతాల పాలన భారతదేశం చేతికి వచ్చింది. 1956 మే 28న అప్పగింత ఒప్పందం కుదిరింది. దానికి ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం దొరకడానికి ఆరేళ్లు పట్టింది. అందులో నాలుగేళ్లు డీగాల్ ఏలుబడే. అల్జీరియా చెయ్యి జారిపోయాక, 1962 జూలైలో గానీ ఆ ఆమోదం రాలేదు. ఆగస్టు 16న పత్రాలు మార్చుకున్నారు. ఎనిమిదేళ్ల కిందటే చేజారిన ఊరిని కాగితం మీద వదులుకోవడం ఔదార్యం ఎలా అవుతుంది?

దీనికి ఒక ఎదురువాదం ఉంది. యానాంలో జరిగింది అసలు ప్రజా పోరాటం కాదనీ, భారత ప్రభుత్వపు అండతో జరిపించిన వ్యవహారమనీ కొందరంటారు. ఆ అండ ఉన్నమాట నిజమే. లండన్‌లో డీగాల్‌కు అండ ఎవరిది? ఆయన మాట్లాడిన మైకు బీబీసీది. ఆయన సేనను నిలబెట్టిన డబ్బు, ఆయుధాలు బ్రిటన్‌వి. ఆ కారణంగా ఫ్రాన్స్ ప్రతిఘటనను ఎవరూ బ్రిటిష్ వ్యవహారం అనరు. పైవాడి ఆజ్ఞను ధిక్కరించి, కొలువు కాదనుకుని, పొరుగుదేశపు సాయంతో సొంత గడ్డను విడిపించుకున్న సైనికుడు వీరుడైతే, అదే చేసిన పోలీసు అధికారి కూడా వీరుడే. జూన్ 18కి దండం పెట్టేవాళ్లు జూన్ 13ని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు.

పుదుచ్చేరి ప్రభుత్వం నవంబరు 1కీ ఆగస్టు 16కీ సెలవు ఇస్తుంది. రెండూ ప్రభుత్వాలు ఒప్పుకున్న తేదీలు, వాటిని పాటించవలసిందే. వాటికంటే ముందు, మనుషులు ప్రాణాలకు తెగించి నడిచిన తేదీ ఒకటుంది. డెల్టాలోని ప్రతి బడిలో, యానాంలోనే కాదు, కాకినాడలో, అమలాపురంలో, రాజమండ్రిలో, పిల్లలకు ఆ తేదీ చెప్పాలి. డీగాల్ జీవితాన్ని కూడా చెప్పాలి, సెతిఫ్‌తో సహా చెప్పాలి. స్వేచ్ఛను ఒకరు ఇస్తే పుచ్చుకున్నామని నమ్మే తరం, దాన్ని ఎవరైనా వెనక్కి అడిగినప్పుడు గట్టిగా కాదనలేదు.