సంపాదనకు సాక్ష్యం కావాలి

మన ఇళ్లలో కష్టపడే చేతులకు కొదవ లేదు. తెల్లవారకముందే బండి తోసుకుంటూ బయలుదేరే పండ్ల వ్యాపారి, అర్ధరాత్రి దాకా మిషను తొక్కే దర్జీ, విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజను విప్పే మెకానిక్కు, హైదరాబాద్ పాతబస్తీలో జర్దోజీ పనిచేసే కళాకారుడు... వీరంతా ఒకరి ముందు చెయ్యి చాచకుండా సంసారం నడుపుతున్నవారే. అయినా వీరిలో ఎంతోమంది ఇరవై ముప్పై ఏళ్లుగా అద్దె ఇళ్లలోనే ఉన్నారు. ఇల్లు కొనుక్కుందామని బ్యాంకు గడప తొక్కితే 'జీతం చీటీ తెచ్చారా?' అన్న ప్రశ్న దగ్గరే మాట ఆగిపోతోంది.

అద్దె ఇల్లు మనకు డబ్బు సమస్య ఒక్కటే కాదు. పేరు వినగానే 'ఇల్లు ఖాళీ లేదు' అనే యజమానులు ఉన్నారు. పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసిందంటే మళ్లీ వెతుకులాట. ఇల్లు మారినప్పుడల్లా పిల్లల బడి మారుతుంది, ఇంట్లో ఆడవాళ్లు చేసుకునే కుట్టుపనికి ఖాతాదారులు పోతారు. అందుకే సొంత ఇంటి ప్రశ్నను విలాసంగా కాక, కుటుంబ గౌరవానికి, పిల్లల చదువుకు సంబంధించిన ప్రశ్నగా చూడాలని మేము అంటున్నాము.

స్వయం ఉపాధి మీద మనం ఎంతగా ఆధారపడ్డామో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. పనిచేసే ముస్లింలలో నూటికి 61 మంది స్వయం ఉపాధి మీదే బతుకుతున్నారని, హిందువులలో ఇది 55 అని ఆ నివేదిక లెక్క తేల్చింది. పట్టణాలలో తేడా ఇంకా ఎక్కువ. అక్కడ 57కు 43. అంటే జీతం చీటీ చూసి అప్పు ఇచ్చే పద్ధతిలో అందరికంటే ముందు బయట నిలబడేది మనమే.

బ్యాంకు ఏమి చూస్తుంది?

ఇరవై ఏళ్ల పాటు తిరిగి రావలసిన డబ్బు ఇచ్చేవాడు, ఇరవై ఏళ్లు కట్టగలడా అని చూడటం తప్పు కాదు. ఉద్యోగి దగ్గర జీతం చీటీ, ఫారం 16, ఆరు నెలల బ్యాంకు ఖాతా చాలు. దుకాణదారుడిని సాధారణంగా రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, ఆడిటరు సంతకంతో లాభనష్టాల పట్టిక, ఆస్తి అప్పుల పట్టిక, ఏడాది బ్యాంకు ఖాతా, వ్యాపారం కొన్నేళ్లుగా నడుస్తోందని చూపే లైసెన్సు, జీఎస్టీ లేదా ఉద్యమ్ నమోదు పత్రం అడుగుతారు. ఈ కాగితాలలో కనిపించిన ఆదాయంలో దాదాపు సగం దాకా నెలసరి కిస్తీకి సరిపోతుందని లెక్కవేసి అప్పు నిర్ణయిస్తారు. గల్లాపెట్టెలో ఎంత ఉన్నా కాగితంలో లేని ఆదాయం వారి లెక్కలోకి రాదు.

ఒక దర్జీ దుకాణం అనుకుందాం. ఏడాదికి 12 లక్షల రాబడి. అద్దె, కరెంటు, దారం, పనివాళ్ల కూలి పోగా 6 లక్షలు మిగులుతాయి. అంటే నెలకు 50 వేలు. చిన్న వ్యాపారులకు ఆదాయపు పన్ను చట్టంలో ఒక సులువు ఉంది. ఏడాది రాబడి 2 కోట్లు దాటని వారు పూర్తి పద్దు పుస్తకాలు లేకుండానే, నగదు రాబడి మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దాని మీద 6 శాతం లాభంగా చూపి రిటర్ను వేయవచ్చు. మన దర్జీ భాయి కూడా అలాగే 8 శాతం చూపాడు. ఆయన ఆదాయం 96 వేలని కాగితం చెప్పింది. బ్యాంకు దృష్టిలో ఆయన నెల సంపాదన 8 వేలు, కట్టగలిగిన కిస్తీ 4 వేలు. తొమ్మిది శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల అప్పయితే లక్షకు నెలకు సుమారు 900 రూపాయల కిస్తీ పడుతుంది. అంటే ఆయనకు వచ్చే అప్పు నాలుగున్నర లక్షలకు మించదు. ఉన్నది ఉన్నట్టు 6 లక్షలు చూపి ఉంటే అదే లెక్కన 27 లక్షలు దాటేది.

ఇక్కడ చాలామంది మరచిపోయే సంగతి ఒకటి ఉంది. ఆ 8 శాతం చట్టం పెట్టిన కనీస మెట్టు మాత్రమే. నిజమైన లాభం అంతకంటే ఎక్కువైతే ఆ ఎక్కువే చూపాలి. సరుకు కొని అమ్మే కిరాణా దుకాణానికి 8 శాతం సరిపోవచ్చు. చేతిపని అమ్ముకునే దర్జీకి, మెకానిక్కుకు, జర్దోజీ పనివాడికి అది ఏనాడూ నిజమైన లెక్క కాదు.

పన్ను భయం

'ఎక్కువ చూపితే పన్ను పడుతుంది కదా' అని ప్రతి బజారులోనూ వినిపిస్తుంది. ఈ భయం ఒకప్పటిది. కొత్త పన్ను విధానంలో 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి 7 లక్షల దాకా, 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవారికి రిబేటు పోగా కట్టవలసిన పన్ను ఏమీ ఉండదు. వ్యాపారం మీద బతికే మన కుటుంబాలలో అధికభాగం ఈ గీత లోపలే ఉంటాయి. ఆరు లక్షలు సంపాదించి లక్ష చూపిన వ్యక్తి ప్రభుత్వానికి ఎగ్గొట్టింది సున్నా. తన పిల్లలకు ఎగ్గొట్టింది ఒక ఇల్లు.

దీనికి మరో కోణం ఉంది. బ్యాంకు తిప్పి పంపిన మనిషి ఊరుకోడు. అవసరం ఊరుకోనివ్వదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడి దగ్గరకు వెళతాడు. అంటే ఏడాదికి 36 శాతం. 2015లో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ దందా ఆ దారి ఎక్కడికి చేరుస్తుందో రాష్ట్రమంతటికీ చూపించింది. రిటర్నులు అడగకుండా దుకాణానికి వచ్చి సరుకు చూసి, రోజువారీ బేరం చూసి ఇంటి అప్పు ఇచ్చే గృహరుణ సంస్థలు కూడా ఇప్పుడు ఉన్నాయి. అది మంచి మార్పే. కానీ కాగితం లేని లోటును వారు వడ్డీలో కలుపుకుంటారు. ఇరవై లక్షలను ఇరవై ఏళ్లకు 9 శాతానికి తీసుకుంటే నెలకు సుమారు 18 వేలు. అదే 13 శాతమైతే 23 వేల 400 పైచిలుకు. మొత్తం మీద తేడా 13 లక్షలు. కాగితాలు సరిగా పెట్టుకోకపోవడానికి మనం కట్టే జుర్మానా అది.

వడ్డీ మాట

వడ్డీ గురించి మాట్లాడకుండా మన పాఠకుల ముందు ఇంటి అప్పు మాట ఎత్తలేము. వడ్డీ నిషిద్ధమన్నది ప్రతి ముస్లిం ఇంట్లో తెలిసిన మాట. ఇల్లు లేని అవసరం ఎంతవరకు మినహాయింపు అవుతుందన్న దానిపై ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ తీర్పు చెప్పడం మా పని కాదు. ఎవరి కుటుంబం సంగతి వారు నమ్మకమైన ఆలింను అడిగి నిర్ణయించుకోవాలి. దేశంలో వడ్డీ లేని బ్యాంకింగుకు చోటివ్వాలని రఘురామ్ రాజన్ కమిటీ 2008లో సిఫారసు చేసింది. ఆ ఆలోచనను ముందుకు తీసుకువెళ్లడం లేదని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పేసింది. మన ఊళ్లలో ఉన్న వడ్డీ లేని పరపతి సంఘాలు చిన్న అవసరాలు తీర్చగలుగుతున్నాయి గాని ఇల్లంత పెద్ద మొత్తం ఇవ్వలేకపోతున్నాయి.

అందుకని బ్యాంకు అప్పు వద్దనుకున్న కుటుంబాలు ముందు స్థలం, తర్వాత ఒక గది, ఆ తర్వాత స్లాబు అని ఏళ్ల తరబడి కట్టుకుంటున్నాయి. కొందరు అన్నదమ్ములు కలిసి కొంటున్నారు. కొందరు అమ్మేవాడితో వాయిదాలు మాట్లాడుకుంటున్నారు. ఈ దారులన్నిటిలోనూ రాతకోతలు లేకపోతే చివరికి మిగిలేది తగాదాయే. ఎవరు ఎంత పెట్టారో రాసుకోని ఇంటి కోసం తండ్రి పోయిన నలభై రోజులకే కోర్టుకెక్కిన అన్నదమ్ములను మన మొహల్లాలలో చూస్తూనే ఉన్నాము. దివ్య ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అది నమాజు గురించో ఉపవాసం గురించో కాదు, అప్పు లావాదేవీలను రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి చెబుతుంది. చిన్న మొత్తమని రాయడానికి బద్ధకించవద్దని కూడా అందులో హెచ్చరిక ఉంది. లెక్క రాయడం బ్యాంకు వాడు నేర్పిన విద్య అనుకునే వారు దీన్ని మరొకసారి చదవాలి.

ఇల్లు కూడా కాగితమే

సంపాదన కాగితాలు సరిగా ఉన్నా ఆస్తి కాగితం దగ్గర చాలామంది దెబ్బతింటున్నారు. నోటరీ కాగితం మీద చేతులు మారిన ఇంటికి బ్యాంకు తనఖా పెట్టుకోదు. రిజిస్టరయిన దస్తావేజు, దాని వెనుక లింకు డాక్యుమెంట్లు, ఇ.సి., మంజూరైన ప్లాను ఉండాలి. ఆ స్థలం రిజిస్ట్రేషను నిషేధిత జాబితాలో ఉందా, వక్ఫ్ భూమా, ప్రభుత్వ భూమా అన్నది బయానా ఇవ్వకముందే చూసుకోవాలి. ముప్పై లక్షల లోపు అప్పయితే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. మిగిలిన పదో వంతు, స్టాంపు రిజిస్ట్రేషను ఖర్చులు మనవే. ఇంట్లో సంపాదించే భార్యనో, ఉద్యోగం చేసే కొడుకునో కూతురినో సహ దరఖాస్తుదారుగా చేర్చితే ఇద్దరి ఆదాయమూ లెక్కలోకి వస్తుంది.

బ్యాంకుల బాధ్యత

బరువంతా మన నెత్తినే వేసుకుని బ్యాంకులను వదిలేయడం న్యాయం కాదు. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను అప్పులకు పనికిరానివిగా గుర్తు పెట్టుకుంటున్నాయని సచార్ కమిటీయే రాసింది. చిరునామా చూసి ఫైలు పక్కన పెట్టేవారు ఇవాళ లేరని ఎవరూ ప్రమాణం చేయలేరు. అందుకే హక్కులు తెలిసి ఉండాలి. అప్పు నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వు బ్యాంకు 2007 నుంచి అన్ని రకాల అప్పులకూ ఆదేశించింది. నోటిమాటతో వెనుదిరగవద్దు, కాగితం అడగండి. ఇంతకుముందు ఏ అప్పూ తీసుకోని వ్యక్తిని 'సిబిల్ స్కోరు లేదు' అన్న ఒక్క కారణంతో తిప్పి పంపరాదని 2025లో స్పష్టం చేశారు. ఫిర్యాదు చేసిన ముప్పై రోజుల్లో బ్యాంకు సరైన జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా రాయవచ్చు. అప్పు తీరిన ముప్పై రోజుల్లో దస్తావేజులు తిరిగి ఇవ్వకపోతే, తప్పు బ్యాంకుదైతే, రోజుకు 5 వేల చొప్పున పరిహారం చెల్లించాలన్న నియమం 2023 డిసెంబరు నుంచి అమలులో ఉంది.

నేడే మొదలుపెట్టాలి

ఇంటి అప్పుకు సిద్ధం కావడమంటే దరఖాస్తు నింపడం కాదు. అది కనీసం రెండేళ్ల పని. దుకాణం పేరున కరెంటు ఖాతా తెరవాలి. రోజు బేరం గల్లాలోంచి నేరుగా ఇంటి ఖర్చుకు పోకుండా ముందు ఆ ఖాతాలో పడాలి. ఫోను స్కాను చేసి డబ్బు కట్టే పద్ధతి వచ్చాక సగం రాబడి దానంతటదే ఖాతాకెక్కుతోంది. మిగతా సగానికి కూడా ఆ క్రమశిక్షణ రావాలి. ప్రతి ఏడాదీ గడువులోపల, నిజమైన ఆదాయంతో రిటర్ను వేయాలి. అప్పు కావలసిన నెలలో పాత ఏళ్ల రిటర్నులన్నీ ఒకేసారి వేసి తెచ్చినవాడిని బ్యాంకు నమ్మదు. 'మీకెంత ఆదాయం కావాలో చెప్పండి, అంత రాసిస్తాను' అనే దళారీ మాట అసలే వినవద్దు. అది నేరం. పైగా, లేని ఆదాయం మీద తెచ్చిన అప్పు కిస్తీ ఉన్న ఆదాయంలోంచే కట్టాలి కదా!

ఈ పని ఒక్కొక్కరికి వదిలేస్తే జరగదు. ప్రతి మొహల్లాలోనూ కామర్సు చదివిన యువతీయువకులు ఉన్నారు. మసీదు కమిటీలు, దర్జీల సంఘాలు, మెకానిక్కుల సంఘాలు నెలకొక సాయంత్రం వారిని కూర్చోబెట్టి పదిమంది దుకాణదారులకు లెక్క రాయడం నేర్పిస్తే చాలు, రెండేళ్లలో ఆ వీధిలో బ్యాంకు ముందు ధైర్యంగా నిలబడగలిగే వారు తయారవుతారు. ఎన్నికలప్పుడు ఇళ్ల హామీల కోసం ఎదురుచూసినంత కాలం మనం ఎదురుచూశాము. మన సంపాదన ధర్మమైనది, చెమటోడ్చినది. దాన్ని దాచుకోవలసిన అవసరం మనకు లేదు. ఈ జుమా దాటకముందే ప్రతి దుకాణంలో ఒక పద్దు పుస్తకం తెరుచుకోవాలని మేము కోరుతున్నాము.