పేరు కలిస్తే కార్డు కట్: తప్పు ఎక్కడ జరుగుతోంది?

సిద్దిపేట: ఆధార్‌లో ‘మొహమ్మద్’, బండి ఆర్సీలో ‘ఎండీ’, కరెంటు బిల్లులో ‘మహ్మద్’. మన ఇళ్లలో ఇది మామూలే. మీసేవలో రేషన్ కార్డుకు దరఖాస్తు పెట్టేటప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ప్రభుత్వ కంప్యూటర్‌కు మాత్రం ఇదే చిక్కు.

రాష్ట్రంలో ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. వేర్వేరు శాఖల రికార్డుల్లోని పేర్లు, చిరునామాలు పోల్చి, ఇవన్నీ ఒకే మనిషివా కాదా అని తేలుస్తుంది. ఎంతవరకు కలిస్తే ‘ఒక్కరే’ అనుకోవాలన్నది మనుషులు పెట్టే సెట్టింగ్. బిగిస్తే అసలు కారు ఓనర్లు తప్పించుకుంటారు, వదులు చేస్తే పేరు కలిసిన పేదోడు దొరికిపోతాడు. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి జరిగింది అదే. దగ్గరి పేరున్న ఇంకొకరి కారు ఆయన లెక్కలో పడి, రేషన్ పోయింది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన ఒక కాన్ఫిగరేషన్ ఫైల్‌లో తప్పు దొర్లింది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయాయి. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేతితో రాసిచ్చారు. అందరికీ కనబడింది కాబట్టి 78 నిమిషాల్లో ఆ ఫైల్‌ను వెనక్కి తీసుకున్నారు. రేషన్ సంగతి వేరు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఆగదు, ఎర్రర్ రాదు. దాని లెక్కలో అంతా సవ్యమే. తప్పు బయటపడేది డీలర్ దుకాణం ముందు, అది కూడా ఆ కుటుంబానికే.

2014-2019 మధ్య తెలంగాణలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. అన్నీ ఈ సాఫ్ట్‌వేర్ వల్లే అనలేం. కానీ ఎస్.క్యూ. మసూద్ పిటిషన్‌పై 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మళ్లీ విచారణ చేయమంది. అల్ జజీరా కథనం ప్రకారం ఆ జూలై నాటికి 2,05,734 దరఖాస్తులు చూస్తే 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. అంటే వందలో ఏడుగురికి పైగా. ఈ తప్పును పట్టింది కంప్యూటర్ కాదు, మళ్లీ జరిగిన విచారణ.

సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ కొన్ని వందల ఇళ్లలో ముందు సరిచూసుకుంటే చాలా తప్పులు అక్కడే ఆగుతాయి. రద్దుకు ముందు నోటీసు ఇస్తే మిగిలినవి కుటుంబాలే చెబుతాయి. అంతదాకా, కార్డు పోయినోళ్లు కారణం ఏంటని నోటితో అడిగి ఊరుకోవద్దు. ఏ బండి నంబరు, ఏ రికార్డు తమ పేరు మీద చూపించారో తహసీల్దార్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగాలి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. రసీదు మాత్రం పారేయొద్దు.