కంభం చెరువులో చేపకూ ఊపిరాడని ఎండాకాలం

ధ్రువాల దగ్గర సముద్రం వేడెక్కితే మార్కాపురం, గిద్దలూరు వాళ్లకేంటి? నేరుగా ఏమీ లేదు. కానీ అక్కడి చేపను ఇబ్బంది పెడుతున్న సూత్రమే కంభం చెరువులోనూ పనిచేస్తోంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. సున్నా డిగ్రీల మంచినీటిలో లీటరుకు 14 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పడుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది దాదాపు సగమే. అంటార్కిటికా ఐస్‌ఫిష్ రక్తంలో అసలు హిమోగ్లోబినే ఉండదు. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ పుష్కలం కాబట్టి అలాగే బతికేస్తోంది. ఆ సముద్రంలోని కొన్ని చేపలు నీరు 6 డిగ్రీలకు చేరితేనే చచ్చిపోతాయి.

మన బొచ్చె, శీలావతి అంత సుకుమారం కాదు. 30 డిగ్రీల నీళ్లలో హాయిగా పెరుగుతాయి. చిక్కంతా వేసవిలో చెరువు అడుగంటినప్పుడే. లోతు తగ్గిన నీరు త్వరగా కాగుతుంది. వేడికి చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి.. నీళ్లలో మాత్రం తక్కువ ఉంటుంది. రాత్రంతా నాచు కూడా పీల్చేస్తుంది కాబట్టి తెల్లవారుజామున పరిస్థితి మరీ ఘోరం. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే వలేసేవాళ్లకు విషయం అర్థమైపోతుంది. కొర్రమీను మాత్రం నయం, పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది.

విజయనగర రాజుల కాలం నాటి ఈ చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ వారసత్వ గుర్తింపు దక్కింది. నీళ్లు మాత్రం ఇప్పటికీ నల్లమల వానల దయే. గుండ్లకమ్మ పారితేనే చెరువు నిండేది. వాన ఒక్కసారి కుండపోతగా పడి, తర్వాత నెలల తరబడి ముఖం చాటేస్తే లెక్క తప్పుతుంది. వదిలిన పిల్ల కిలో తూగాలంటే ఏడాది దాకా పడుతుంది. నీళ్లు ముందే తగ్గితే అరకిలో చేపనే పట్టి అమ్ముకోవాలి. అందరూ ఒకేసారి పడితే ధర పలకదు.

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అందుకు తీరప్రాంత మత్స్యకారులకు ఇచ్చే సాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025లో రూ.20 వేలకు పెంచింది. మంచిదే. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ ప్రాంత చెరువుల్లో వేట పడకేస్తుంది. ఎండకు ఆగిన వేట నిషేధం కిందకు రాదు. ఎండిన పైరంటే ఎకరాల్లో కనిపిస్తుంది, చచ్చిన చేపను ఎవరు కొలుస్తారు?

ఈలోగా మత్స్యకార సొసైటీల చేతిలో ఉన్నది నీటిమట్టం చూసి పిల్ల వేయడం. చిన్న పిల్లకు బదులు కాస్త పెద్దది వదిలితే ఎండలు ముదిరేలోపు అమ్మకానికొస్తుంది. అయితే దానికి పెట్టుబడి ఎక్కువ.