సాయం ఎవరి గల్లాపెట్టెకు?

తుఫాను వెలిశాక "కేంద్రం ఎంతిచ్చింది?" అని అడుగుతాం గాని, ఆ డబ్బుకు బజార్లో ఏమొస్తుందని అడగం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. తక్షణ సాయంగా కేంద్రం రూ.1,000 కోట్లు ప్రకటించింది. ఈలోగా పాలు, మంచినీళ్ల ధరలు చుక్కలనంటాయి. సరుకే రాని చోట నోట్లు పంచితే పెరిగేది ధరే, లాభం నిల్వలున్నవాడిది. కనుక ముందు రోడ్డు, కరెంటు, బియ్యం. ఆ తర్వాతే నగదు.

2021-26 కాలానికి విపత్తు నిధుల్లో 20 శాతం ముందస్తు నివారణకు ఉంచాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. మంచి మాటే! తుఫానుకు ముందే కరకట్ట మీద పెట్టిన రూపాయికి మామూలు ధరకే సరుకొస్తుంది. మిత్రులారా, గ్రాంటు ఎంతన్నది ఒక్కటే కాదు, ఎప్పుడు, ఏ రూపంలో అన్నదీ నిలదీసి అడుగుదాం.